పుస్తకం ఇచ్చి జ్వరం తెప్పించానన్నారు

భయం కథలు ఎవరివి చదవాలని ఎవరైనా అడిగితే, నేను ముందు అడిగేది ఒకటే. మీ ఇంట్లో బాత్రూము లోపలా, పెరట్లోనా?

నవ్వుతారు. నవ్వేదేం లేదు, అది నా కొలత. మాచర్లలో మా వైపు ఇళ్ళకి బాత్రూములు ఇంటి వెనకాల, పెరటి చివర్లో ఉంటాయి. పుస్తకం మూసేశాక అక్కడిదాకా ఒంటరిగా పోయి రాగలిగితే అది తేలిక రకం. ఫోను లైటు వేసుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తా పోవాల్సొస్తే నడి రకం. కట్టుకున్నవాళ్ళని లేపి తోడు తీసకపోవాల్సొస్తే ఆ రచయితకి దండం పెట్టాలి. బాత్రూము ఇంట్లోనే ఉన్నవాళ్ళకి ఏ రచయితని ఇచ్చినా పూర్తి ఫలితం రాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తా, తర్వాత వచ్చి నన్ను అనొద్దని.

బస్టాండు దగ్గర బైకు సీట్లకి కవర్లు కుట్టే కొట్టు నాది. రెగ్జిను చుట్టల వెనకాల ఒక చెక్క అర ఉంది. స్పాంజి ముక్కలు పెట్టుకోవాల్సిన అర, పుస్తకాలు పెట్టుకున్నా. హైస్కూల్లో సగం దారిలో నేను బడి మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు గానీ, జరిగింది బడే నన్ను మానేయడం. చదువు పోయింది, చదవడం మాత్రం పోలా. సీటు కుట్టిందాకా ఎండలో నిలబడే మనిషి చేతిలో ఏదో ఒకటి పెడదామని మొదలైంది ఈ యవ్వారం. ఇప్పుడు సీటు నిక్షేపంగా ఉన్నవాళ్ళు కూడా బండాపి అడుగుతారు, ఈసారి ఎవర్ని చదవమంటావ్ భాయ్ అని.

పాతవాళ్ళ సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పేది ఇప్పుడు రాస్తున్నవాళ్ళ గురించి. ఒక కుర్రాయన ఉన్నాడు, పగలంతా ఏదో ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాడంట. ఆయన దయ్యాలు పాడుబడ్డ బంగళాల్లో ఉండవు. అపార్టుమెంటులో ఉంటాయి, వాచ్‌మన్‌కి నమస్తే పెట్టి లిఫ్టెక్కుతాయి, మెయింటెనెన్సు మీటింగులో పోట్లాడతాయి. భయపడతా నవ్వుతాం, కొత్తవాళ్ళకి ఆయనే మంచిది. ఇంకొకాయన సీమ వైపాయన, అంతా పొలాలు, గట్ల తగాదాలు. ఆయన కథలో బోరు వేస్తే నీళ్ళు పడవు, లోపల్నించి ఎవరో దగ్గుతారు. బోర్లు వేయించి మునిగిన రైతులకి ఆయన్ని ఇవ్వను. వాళ్ళు ఇప్పటికే ఆ కథలో ఉన్నారు.

వీళ్ళందరికీ అవతల ఒకామె ఉంది. ఆమె కథల్లో దయ్యం కనపడదు. ఇంట్లో వాళ్ళు పప్పు తాలింపు వేస్తుంటారు, కరెంటు పోతది, వస్తది, ఎవరో తలుపు గడియ వేశావా అని అడుగుతారు. ఆఖరికి ఒక్క మాట అంటుంది, మెల్లిగా, పక్కింటామె గిన్నెడు పెరుగు అడిగినట్టు. అంతే, కథ అయిపోతది. మా కొట్టుకి రోజూ వచ్చే కండక్టరాయన ఆ పుస్తకం తెచ్చిచ్చి, ఇందులో దయ్యమేదిరా, నన్ను మోసం చేశావన్నాడు. తర్వాతెప్పుడో డ్యూటీ దిగి వచ్చి, టీ తాగుతా తాగుతా చెప్పాడు, ఈమధ్య ఖాళీ బస్సులో వెనక సీట్ల వైపు చూడటం మానేశానని. సూది పొడిచినప్పుడు తెలీదు, చెయ్యి పైకెత్తినప్పుడు తెలుస్తది. ఆమె రాత అట్టాంటిది. నా పెరటి కొలత ఆమెకి సరిపోదు. ఆమె ఏ రకమో ఇప్పటికీ నేను తేల్చలా.

ఆ తేల్చలేని పుస్తకమే మా పక్కింటి కోడలికిచ్చా.

మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆ పిల్ల జాకెట్లు కుడతది. నాది సీట్ల కుట్టు, తనది జాకెట్ల కుట్టు, ఇద్దరిదీ ఒకటే కులమని నన్ను అన్నా అని పిలుస్తది. మొగుడు టిప్పరు డ్రైవరు, కంకర తోలుకుంటా కృష్ణ అవతల తెలంగాణ వైపు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళే. అత్తని మా వీధంతా పిన్నమ్మ అంటాం. నా అరలో పుస్తకాలన్నీ అయిపోగొట్టింది ఆ పిల్ల ఒక్కతే. అందరిలో గట్టి గుండె. లిఫ్టు దయ్యాల పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, "అన్నా, నీ రచయితలు నామీద చానా దయ చూపిస్తన్నారు," అంది.

నా పరువు పోయినట్టనిపించింది. పెరుగడిగినట్టు భయపెట్టే ఆమెది తీసి, ఇంటికెళ్తా వాళ్ళ గడప దగ్గర ఇచ్చా. పిన్నమ్మ అక్కడే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తంది. ఆమెని చూస్తే నాకు నోరు ఊరుకోదు.

"పిన్నమ్మా, ఈ పుస్తకంతో జాగర్త. చదవక్కర్లా, ఇంట్లో ఉంటే చాలు. రేపటికి నీ కోడలు నీ పక్కలోకొచ్చి దూరకపోతే నన్నడుగు."

"సంసారుల కొంపలోకి దయ్యాల్ని మోసకొస్తావేందిరా," అని ఒక తొడిమ నామీదికి విసిరింది. నవ్వుకుంటా మా ఇంట్లోకి పోయా.

వానలు వెనకపట్టి, సైడు కాలవల్లో నీళ్ళు ఎటూ పోక నిలబడిపోయే రోజులవి. ఒకరోజు మధ్యాన్నం మా ఆవిడ అన్నం పెడతా చెప్పింది, పక్కింటి పిల్ల మంచం దిగట్లేదని, ఒళ్ళు పెనంలా కాలిపోతందని. తర్వాత గిన్నె పక్కన పెట్టి, నీ పుస్తకం చూసి జడుసుకుందంట, వీధంతా అదే మాట, అంది.

మా వైపు జ్వరానికి ముందు కారణం వెతుకుతారు, మందు తర్వాత. వానలో తడిస్తే ఒక జ్వరం, దిష్టికి ఒక జ్వరం, దేన్నన్నా చూసి గుండె జారితే జడుపు జ్వరం. జడుపుకి మెడలో తాయెత్తు కట్టాలి, వరసగా కొన్ని పొద్దులు, పొద్దుగూకే నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర, బయటికొచ్చేవాళ్ళతో దువా చదివించి నెత్తిన ఊదించాలి. హిందువులైనా మా సాయిబులైనా పిల్లాజెల్లాని అక్కడికే తీసుకొస్తారు. చానామంది అటు ఊదించుకుని ఇటు డాక్టరు దగ్గరికీ పోతారు. పిన్నమ్మ పట్టు వేరు. ఊదించడం పూర్తయ్యేలోపల సూది పడకూడదు, పడిందా, జడుపు లోపలే ఉండిపోయి మనిషిని తినేస్తదంటది.

అన్నం సగంలో లేచి గోడ దగ్గరికి పోయి పిన్నమ్మా అని పిలిచా. డాక్టరుకి చూపించమని చెప్పా. గోడ అవతల్నించి ఆమె గొంతొక్కటే వచ్చింది, నీ మాట విన్నందుకేగా ఇట్టా అయింది, ఇంక చెప్పబాక, అని.

కొట్టుకొచ్చి కూర్చున్నా గానీ సూది నిలవట్లా. ఆ పుస్తకంలో కథలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టా. ఒక కథలో ఒక కోడలు ఉంటది. ఇంట్లో వెనక గదిలోంచి తన గొంతే తనని పిలుస్తున్నట్టు వినపడతది. పలుకుతది. పలికిన కొద్దీ చిక్కిపోతా ఉంటది. ఆ కథ రాసినామెని నేను ఎంతమందికి పొగిడి చెప్పానో. ఇప్పుడు తలుచుకుంటుంటే ఒక్కొక్క వాక్యం నా మెడకే చుట్టుకుంటంది. ఈ పిల్ల ఉండేది కూడా వెనక గదిలోనే, మిషను అక్కడే వేసుకుంది. పగలంతా ఒక్కతే. మొగుడు దగ్గర లేడు. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో నాకు తెలుసని గొప్పలు పోయానే, ఇది నాకెందుకు తట్టలా? కథకి జ్వరం రాదని నా బుర్ర చెప్తంది. వస్తే ఏంది అని అదే బుర్ర మళ్ళీ అడుగుతంది.

దానికి తోడు జనం. బస్టాండులో ఈ కబురు నాకంటే ముందు తిరుగుతంది. మనిషిని మంచాన పడేసిన పుస్తకమంటగా భాయ్, మాకియ్యవా అని ఒకడు. ఆ రచయిత్రి ఇంకేమన్నా రాసిందా అని ఇంకొకడు. ఇంకో రోజైతే ఆ మాటకి నేను వారం రోజులు కాలరెగరేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం, భక్తి పుస్తకాలు చదువుకోండి పోండి అన్నా. నేను కుట్టిన సీటుకి కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టా, మళ్ళీ పోయింది.

మర్నాడు సాయంత్రం నమాజుకి పోయా. నేను రోజూ పోయే మనిషిని కాదు. ఆ రోజు పోకుండా ఉండలేకపోయా. అయిపోయాక చెప్పులు వెతుక్కుంటా బయటికొస్తే, మెట్ల పక్కన పిల్లల్ని ఎత్తుకున్న తల్లుల వరసలో చివర పిన్నమ్మ నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర దుప్పటి కప్పుకుని కోడలు కూర్చుని ఉంది. లోపల్నించి వచ్చేవాళ్ళు ఒక్కొక్కళ్ళు ఆగి, పెదాలు కదిలించి, ఆ పిల్ల నెత్తిమీద ఊది పోతన్నారు. నేను తల దించుకుని పక్కనించి జారుకుందామనుకున్నా.

"యాడికి పోతావ్? జడిపించింది నువ్వు. నువ్వూదు," అంది పిన్నమ్మ.

వరసలో నలుగురు నవ్వారు. నేను ముందుకెళ్ళి వంగా. నాకొచ్చిన నాలుగు దువా ముక్కలూ చదివా. ఊదబోయేసరికి ఆ పిల్ల ఒంటి సెగ నా మొహానికే కొట్టింది. కళ్ళు తెరవలేకపోతంది. కంటి గుడ్ల వెనకాల ఎవరో నొక్కుతున్నట్టుంది అన్నా, అని గొణిగింది. దుప్పటి జారిన చోట మోచేతి మీద ఎర్రటి చుక్కలు, సన్నగా, ఎర్ర దారంతో ముడులేసినట్టు. నోరు తుడుచుకున్న కొంగు చివర నెత్తురు.

ఊదడం మర్చిపోయా. పుస్తకం ఎందాకా చదివావని అడిగా.

"తెరిచానంతే. అప్పటికే తలకాయ పగిలిపోతంది, అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక్క కథ కూడా చదవలా," అంది.

నా గుండెల మీదినుంచి బండ దిగాలి నిజానికి. దిగలా, ఇంకో పెద్ద బండ ఎక్కింది. పుస్తకం కాకపోతే ఇదేంది మరి? మా బావమరిది పిల్లకి కిందటేడు ఇట్టాంటి చుక్కలే వచ్చాయి, దోమ జ్వరం, చావు అంచుదాకా పోయి బయటపడింది.

పిన్నమ్మకి చెప్పా, నీ కోడలు అసలు పుస్తకమే చదవలేదని, ఇది జడుపు కాదని, ఇప్పుడే ఆసుపత్రికి పోవాలని. ఆమె కదల్లా. చదవక్కర్లా, ఇంట్లో ఉంటే చాలన్నది నువ్వేగా అంది. నేను ఎగతాళికన్న మాట ఆమె మనసులో రాతి మీద చెక్కినట్టు కూర్చుంది. నేను ప్లేటు ఫిరాయించా. ఆ రాసినామెకి బల్లిని కూడా భయపెట్టడం రాదన్నా. ఆ పుస్తకం ఉత్త చప్పిడి కూడన్నా. నోటికొచ్చిన తిట్లు ఆ మహాతల్లిని తిట్టా, ఆమె ఎక్కడున్నా నన్ను క్షమించాలి. పిన్నమ్మ ఒక్క మాటతో కొట్టేసింది, చప్పిడిదైతే అందరికీ ఎందుకు పంచుతావురా అని. ఇంకా ఊదాల్సిన పొద్దులు మిగిలున్నాయంది. సూది పడితే నా కోడలు నాకు దక్కదంది, ఆ మాట అంటా కోడలి భుజం గట్టిగా పట్టుకుంది. అప్పుడర్థమైంది నాకు, ఈమెది మొండితనం కాదు, భయం. నాకంటే ఎక్కువ భయపడతంది. కాకపోతే ఆమె భయం తప్పు వైపు చూస్తంది.

అరిస్తే లాభం లేదు. నేను చదివిన వాళ్ళలో అరిచి భయపెట్టినవాళ్ళెవరూ నాకు గుర్తులేరు. ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని మెల్లిగా అడిగా.

"పిన్నమ్మా, రేపు నీ కొడుకు ఫోన్ చేస్తాడు. ఫోను పెళ్ళానికియ్యమంటాడు. ఏం చెప్తావు?"

పిన్నమ్మ నా వైపు చూసింది. కోడలి వైపు చూసింది. ఆ చూపు నేను ఏ పుస్తకంలోనూ చదవలా, చదవాలని కూడా లేదు. చేతిలో ఉన్న మంత్రించిన నీళ్ళ సీసా మూత బిగించింది. బిగించిన మూతే మళ్ళీ బిగించింది. ఎప్పుడూ మా వీధిని ఏలే మనిషి, చిన్నపిల్లలాగా, "ఆటో పిలువు," అంది.

మాచర్లలోనే ముందు ఒక డాక్టరుకి చూపించాం. రక్తం తీశారు. కాగితం చూసి ఆయన మమ్మల్ని కూర్చోమని కూడా అనలా. డెంగీ అన్నాడు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, నరసరావుపేట తీసకపొమ్మన్నాడు. కారు మాట్లాడి ఆ పిల్లని మా ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి బయల్దేరాం. గురజాల దాటిందాకా మా ఆవిడ ఆ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తానే ఉంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పిన్నమ్మ ఒక్కసారి అడిగింది, సూది పడితే ఏం కాదు గదా అని. ఏం కాదని చెప్పా. ఏం తెలిసి చెప్పానో నాకే తెలీదు. జోకుకన్నది నమ్మిన మనిషి, ఇదీ నమ్మింది. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

పెద్దాసుపత్రిలో లోపలికి తీసకపోయారు. మేం బయట బల్ల మీద. మొగుడికి ఫోన్ చేసింది నేనే. ఖమ్మం అవతల ఎక్కడో లోడింగులో ఉన్నాడు. బండి వదిలేసి వస్తన్నానన్నాడు. పుస్తకం సంగతి ఎవరో ముందే చేరేశారు, నేను సంజాయిషీ మొదలుపెడితే మధ్యలోనే ఆపేశాడు. అదంతా తర్వాత బావా, మనిషి మాట్లాడతందా లేదా అది చెప్పు, అన్నాడు. మాట్లాడతందన్నా. ఏం మాట్లాడిందని అడిగాడు. నీళ్ళడిగిందన్నా. ఆ మాటని మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆసుపత్రి బల్ల మీద కూర్చుంటే నా బుర్ర నా మాట వినదు. ఇన్నేళ్ళు చదివిన కథలన్నీ అప్పుడే పనిగట్టుకుని వచ్చాయి. నర్సు నవ్వుతా వస్తే, నవ్వుతందంటే ఏదో దాస్తందనిపించేది. నవ్వకుండా వస్తే చెప్పేదే లేదు. తలుపు తీసిన ప్రతిసారీ మా పేరే పిలుస్తారనిపించేది. భయం కథల వాళ్ళని ఒకరికొకరికి సిఫారసు చేసుకునే మనబోటి వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. పుస్తకంలో భయానికి ఇంకెన్ని పేజీలున్నాయో మన బొటనవేలికి తెలుస్తా ఉంటది. ఆ బల్ల మీద నాకు తెలీలా.

మొగుడు తెల్లారేసరికి వచ్చాడు. ఆ రోజు రిపోర్టులో ప్లేట్‌లెట్ల అంకె ఇంకా తగ్గింది. తర్వాతది ఆగింది, తగ్గలా, పెరగలా. డాక్టరు ఇప్పుడే ఏం చెప్పలేనన్నాడు. వాళ్ళాయనా పిన్నమ్మా ఉన్నారు గదా అని నన్నూ మా ఆవిణ్ణీ ఇంటికి పంపించేశారు. కొట్టు తీశానన్నమాటే గానీ కన్ను ఫోను మీదే. మోగితే భయం, మోగకపోతే భయం.

ఆ సాయంత్రం మోగింది. ఆ పిల్ల పేరే.  ఎత్తితే ఆమె గొంతే, సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు.

"అన్నా, పడుకుని పడుకుని విసుగొస్తంది. ఆ పుస్తకం నేను చదవలేదు గదా. ఒక కథ చెప్పు," అంది. స్పీకర్లో పెట్టినట్టున్నారు, వెనకాల పిన్నమ్మ దగ్గు వినపడింది.

ఇంకో కథ చెప్పొచ్చు. నా నోటికి అదే వచ్చింది, వెనక గది కోడలి కథ. మొదలుపెట్టాక వెనక్కి రాలేకపోయా. గొంతు పిలవడం చెప్పా, పలకడం చెప్పా. చిక్కిపోయే దగ్గరికి వచ్చేసరికి నా నాలిక మడతపడింది. ఆ పిల్ల మంచం పక్కన వేలాడే సీసాలు కళ్ళముందుకొచ్చాయి. ఇన్నేళ్ళలో ఏ రచయితకీ చెయ్యని ద్రోహం చేశా. ఆ కోడలు పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది, గారెలు తింటా బాగుంది, కథ అయిపోయిందన్నా.

ఆ పిల్ల ఒప్పుకోలా.

"ఇట్టాంటివి చెప్తే నీ కొట్టుకి ఎవరొస్తారన్నా? అసలు ఏమైందో చెప్పు."

రేపు రిపోర్టు రానీ, చెప్తానన్నా. ఆమె ఎంత అడిగినా వినలా. రిపోర్టు వచ్చిందాకా ఆ కోడలు పుట్టింట్లోనే ఉంటదని గట్టిగా చెప్పి ఫోను పెట్టేశా.

పొద్దున్నే మొగుడి ఫోను. అంకె పెరిగింది బావా, అన్నాడు. చానా కాదు గానీ పెరిగింది, డాక్టరు మొదటిసారి తలూపాడు, అన్నాడు. చేతిలో సూది పక్కన గుచ్చి ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నా. కాసేపటికి అదే ఫోన్లోంచి ఆ పిల్ల అడిగింది, ఇప్పుడు చెప్పు మరి, అని.

చెప్పా. ఉన్నదున్నట్టు చెప్పా. ఆ కోడలు పలికి పలికి అరిగిపోతది. ఇంట్లో వాళ్ళకి పనికి బద్ధకమనిపిస్తది. ఒకరోజు మనిషి ఉండదు, వెనక గదిలోంచి గొంతొక్కటి వస్తా ఉంటది. అత్త వంట చేసుకుంటా ఆ గొంతుతోనే మాట్లాడతా ఉంటది, ఉప్పు సరిపోయిందా అని అడుగుతా ఉంటది. అంతే.

ఆ పిల్ల బాగుందన్నా అంటదేమోనని ఎదురు చూస్తన్నా.  మాట్లాడింది పిన్నమ్మ.

"ఆ పిల్లని ఆసుపత్రికి తీసకపోలేదంట్రా, ఎవరూ?" అంది.

 లేదు పిన్నమ్మా, ఎవరూ తీసకపోలా, అన్నా.

"అట్టా ఎట్టా వదిలేశారురా," అంది పిన్నమ్మ. ఆ తర్వాత ఫోన్లో మంచం కిర్రుమన్న చప్పుడు, దుప్పటి సరిచేస్తున్న చప్పుడు, నేను బానే ఉన్నాలే అత్తా అని ఆ పిల్ల అనడం వినపడింది.